రాహుకాలంలో ఆటల పెట్టె

ముందుగా ఒక ప్రమాణం. కొండ మీది అమ్మవారి వైపు తిరిగి, కుడిచెయ్యి గుండెల మీద వేసుకుని చెబుతున్నాను: ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వేస్తారని తెలుసు. (మా ఆవిడ నవ్వను కూడా నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.) నేను చెప్పే కబుర్లలో జరిగింది చిటికెడు, కలిపింది గుప్పెడు అని మా బంధువుల్లో ఒక ప్రచారం ఉంది. దాన్ని ఖండించే ఓపిక నాకు లేదు. ఈ ఒక్కదానికి మాత్రం, నమ్మండి, ఏమీ కలపలేదు.

ఆ రోజుల్లో బెజవాడలో ఇంటర్నెట్టంటే మునిసిపాలిటీ పంపు లాంటిది. వస్తున్నంతసేపూ ఎవరూ దాని మొహం చూసేవాళ్లు కాదు, ఆగిపోతే మాత్రం ఇంటిల్లిపాదీ దాని చుట్టూ నిలబడి దీనంగా చూసేవాళ్లు. సెల్‌ఫోన్లకి ఇంకా బొత్తాలు ఉండేవి. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయినా, ఇంటికి నెట్టు లైను వేయించుకున్నవాళ్లు ఆ సంగతి పక్కింటివాళ్లకి వినపడేలా ఫోన్లో మాట్లాడే కాలం. అలాంటి లైన్లు వేసే ఒక చిన్న ఆఫీసులో నేను ఉద్యోగంలో చేరాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిప్లొమాలో రెండు పేపర్లు మిగిలున్నాయి. మెడలో మాత్రం 'నెట్‌వర్క్ ఇంజనీర్' అని కార్డు వేలాడేది. (మా ఓనరు అందరికీ అదే కార్డు చేయించాడు, ఆఫీసులో టీ తెచ్చే ఆయనకి కూడా.) నాకు నిజంగా వచ్చిన విద్యలు రెండే. ఒకటి, ఆపి మళ్లీ వేయడం. రెండోది, అప్పటికీ రాకపోతే ఆకాశం వైపు చూసి "పైనుంచి ప్రాబ్లమండీ" అనడం. ఈ రెంటితోనే ఏడాదిన్నర గౌరవంగా బతికాను.

కానూరు దాటాక, ఆటోనగర్‌కి కూతవేటు దూరంలో ఒక ఐసు ఫ్యాక్టరీ వారి ఇల్లు ఉండేది. కొల్లేటి చేపల వ్యాపారం నుంచి పైకొచ్చిన కుటుంబం. చేపలు లారీలకెక్కాలంటే ఐసు కావాలి, ఐసు ఎవరో ఎందుకు అమ్మాలి అనుకుని బెజవాడ వచ్చి ఫ్యాక్టరీ పెట్టారు. ఇంటాయన్ని అందరూ ఐసుబాబు గారు అనేవాళ్లు. మనిషి కూడా పేరుకు తగ్గట్టే, ఎదురుగా నిలబడితే చలేసేది. ఆయన తండ్రి పంచాంగం తాతగారు. ఆ ఇంట్లో గోరు తీసుకోవాలన్నా ఆయన ఒళ్లోని పంచాంగం ఊ అనాలి. ఇక ఐసుబాబు గారి కూతురు, ఇంట్లో అందరూ బుజ్జమ్మ అని పిలిచే అమ్మాయి, ఇంజనీరింగు అయిపోయి ఇంట్లో ఉంది. ఆ అమ్మాయి దగ్గర టీవీకి తగిలించుకునే ఆటల పెట్టె ఒకటి ఉండేది. చేతిలో రిమోటు లాంటిది పట్టుకుంటే ఆ పిల్ల వేళ్లు మా టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారి వేళ్లకన్నా వేగంగా కదిలేవి.

ఒక గురువారం సాయంత్రం వాళ్లింటికి లైను వేశాను. ఆఫీసు లాప్‌టాప్ తగిలించి చూశాను, బ్రహ్మాండంగా వచ్చింది. బుజ్జమ్మ అడిగింది కూడా, "నా పెట్టెకి పెట్టి ఒకసారి చూడండి, రేపు చాలా అవసరం" అని. అప్పటికే వంటింట్లోంచి కొర్రమీను పులుసు వాసన వస్తోంది. తాతగారు "అబ్బాయి, కాళ్లు కడుక్కో" అన్నారు. లాప్‌టాప్‌కి వచ్చింది పెట్టెకి రాదా అనుకుని, "మేడమ్, వైరు గుచ్చుకోండి, అదే వచ్చేస్తుంది" అని చెప్పి, పనైపోయినట్టు కాగితం మీద సంతకం పెట్టి, విస్తరి ముందు కూర్చున్నాను. ఆ పులుసుకి ఇప్పటికీ వంక పెట్టలేను. ఆ సంతకానికే పెట్టాలి.

మర్నాడు శుక్రవారం. ధనుర్మాసం చలి ఇంకా వదల్లేదు. తొమ్మిదిన్నరకి ఓనరు పిలిచాడు. "ఏమయ్యా, ఐసు ఫ్యాక్టరీ వాళ్లింట్లో ఏదో పెట్టె కలవట్లేదంట. అమ్మాయి ఏడుపు ఒక్కటే తక్కువ. అన్నీ చూశానని రాశావు కదా కాగితంలో?" అన్నాడు. "చూశానండీ" అన్నాను. అంత నెమ్మదిగా నేను జీవితంలో ఏ మాటా అనలేదు.

మోపెడ్ ఎంత తిప్పినా నలభై దాటదు. పది కొట్టేసరికి వాళ్ల హాల్లో ఉన్నాను. టీవీ మీద ఒక్కటే వాక్యం: ఆన్‌లైన్ సేవలకి కలవలేకపోతున్నాం, కాసేపాగి ప్రయత్నించండి. దాని ఎదురుగా బుజ్జమ్మ కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పదకొండుకి టెస్టండీ నాకు" అంది.

"ఏం టెస్టు మేడమ్?"

హైదరాబాదులో ఒక కంపెనీ ఉందట. కొత్త ఆటలు బజారుకి రాకముందే ఆడి, వాటిలో తప్పులు పట్టే మనుషులు వాళ్లకి కావాలట. ఎవరి ఇంట్లోంచి వాళ్లు పదకొండుకి ఆన్‌లైన్లో వాళ్ల గదిలోకి వెళ్లాలి. అరగంట ఆడిస్తారు. పదకొండుకి తలుపేస్తారు. తర్వాత వచ్చినవాళ్ల పేరు కొట్టేస్తారు, రెండోసారి లేదు.

"ఆడుకుంటే జీతమిస్తారంటయ్యా" అన్నారు తాతగారు పడక్కుర్చీలోంచి, నమ్మాలో వద్దో తెలియనట్టు.

"ఆడినందుకు కాదు తాతయ్యా, తప్పులు పట్టినందుకు."

"తప్పులు పట్టడానికైతే మీ నాన్నని పంపించొచ్చు, బాగా సంపాదిస్తాడు" అన్నారాయన. ఎవరూ నవ్వలేదు. గుమ్మం దగ్గర ఐసుబాబు గారు నిలబడి ఉన్నారు. ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన మనిషి, వెళ్లకుండా ఆగారు. కూతురికీ ఆయనకీ ఒక ఒప్పందం ఉందని అప్పుడు తెలిసింది. ఈ టెస్టు నెగ్గితే హైదరాబాదు. లేదంటే సోమవారం నుంచి ఫ్యాక్టరీ కౌంటర్లో కూర్చుని, ఏ లారీకి ఎన్ని దిమ్మలు వెళ్లాయో రాసుకోవడం. ఈ ఒప్పందం కుదర్చడానికి ఆ పిల్ల ఆరునెలలు తండ్రి చుట్టూ తిరిగిందట.

ఐసుబాబు గారు నన్ను ఒక్కటే అడిగారు. "అవుద్దా? అవదా?"

"ఐదు నిమిషాలండీ" అన్నాను. (ఈ మాట అననివాడికి మా లైన్లో ఉద్యోగం ఇవ్వరు.)

మొదటి విద్య వాడాను. ఆపి, వేశాను. అదే వాక్యం. మోడెమ్ ఆపి, వేశాను. అదే వాక్యం. లాప్‌టాప్ తగిలిస్తే లైను హాయిగా వస్తోంది. అదే వైరు పీకి పెట్టెకి గుచ్చితే కలవట్లేదు. వైరు మార్చాను. జాక్ కత్తిరించి కొత్తది వేశాను. తొందరలో రంగుతీగలు అటూ ఇటూ అయ్యాయి, మళ్లీ కత్తిరించాను. పెట్టె సెట్టింగుల్లోకి వెళ్లి నెట్టు నంబర్లన్నీ చేత్తో కొట్టాను. అదే వాక్యం. కాసేపాగి ప్రయత్నించమంటుంది. ఎంతసేపు ఆగాలో చెప్పదు. పది పదిహేనుకి ఇక దిక్కుతోచక, "మేడ మీద జంక్షన్ చూసొస్తానండీ" అని మెట్లెక్కాను. మేడ మీద నేను చేయాల్సిన పని ఏమీ లేదు. ఐసుబాబు గారి చూపు అందని చోటు ఆ ఇంట్లో అదొక్కటే. అక్కడ ఎండలో బొమ్మిడాయి చేపలు ఎండబెట్టి ఉన్నాయి, వాటి పక్కన నిలబడి రెండు నిమిషాలు ఆకాశం వైపు చూశాను. పైనుంచి ప్రాబ్లమేమీ కనపడలేదు.

దిగేసరికి తాతగారు గొంతు సవరించుకున్నారు. "అబ్బాయి, పదిన్నరకి రాహుకాలం ప్రవేశిస్తుంది. శుక్రవారం కదా. కలిపేదేదో ఈలోపు కలిపెయ్. తర్వాత పన్నెండు దాకా దాన్ని ముట్టుకోనివ్వను."

"తాతయ్యా, టెస్టు పదకొండుకి!"

"టెస్టు రాయొచ్చమ్మా. మొదలుపెట్టిన పని రాహుకాలంలో నడవొచ్చు. కొత్తగా ఏదీ మొదలుపెట్టకూడదు. ఈ మాత్రం తెలియదా?"

ఇది జోకు కాదని ఐసుబాబు గారి మొహం చూస్తే తెలిసింది. కోట్ల రూపాయల సరుకుతో పోర్టుకి వెళ్లే లారీని కూడా ఆ ఇంట్లో రాహుకాలం దాటేదాకా ఆపేస్తారట, డ్రైవరు గేటు దగ్గర తాళంచెవి చేత్తో పట్టుకుని కూర్చుంటాడట. ఇప్పుడు నా ముందు ఒకటి కాదు, రెండు తలుపులు మూసుకుపోతున్నాయి. హైదరాబాదు తలుపు పదకొండుకి. తాతగారి తలుపు పదిన్నరకి. నా చేతిలో ఎనిమిది నిమిషాలు ఉన్నాయి. ఆ ఎనిమిది నిమిషాల్లో నేను చేసిన ఘనకార్యం, ఇందాక చేసినవన్నీ వరసగా మళ్లీ చేయడం. నుదుటి మీంచి చెమట రిమోటు మీద పడింది, అంత చలిలో. బుజ్జమ్మ నా వైపు చూడటం మానేసింది. అది తిట్టడం కంటే ఘోరం.

పదిన్నర కొట్టింది. తాతగారు లేచి, పడక్కుర్చీని టీవీకి అడ్డంగా జరుపుకుని, పంచాంగం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కోట గుమ్మంలో ఏనుగుని కట్టేసినట్టయింది.

"ముట్టుకోకు. చూడాలంటే చూసుకో, చూపుకి రాహుకాలం అడ్డం లేదు" అన్నారు దయతో.

పెరట్లోకి వెళ్లి ప్లయర్ భాయ్‌కి ఫోన్ చేశాను. మా ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్దాయన. జేబులో ఎప్పుడూ కటింగ్ ప్లయర్ ఉండేది, షాదీలకి వెళ్లినా సరే, అందుకే ఆ పేరు. మా దగ్గరికి రాకముందు ఆటోనగర్లో పదేళ్లు లారీల కరెంటు పని చేశాడు. ఏ స్తంభం ఎక్కాడో, ఫోన్లో గాలి చప్పుడు.

"భాయ్, లైనుంది, వైరు మంచిదే, పెట్టె కలవట్లేదు. ఇంక అరగంటే టైముంది. ఉద్యోగం పోయేట్టుంది."

"నీదా?"

"నాది సరే, ఆ అమ్మాయిది పోయేట్టుంది."

భాయ్ అన్నాడు: "అరే, పెట్టెని ఏం అడుగుతావురా? మనుషుల్ని అడుగు. ఆటోనగర్లో లారీ వచ్చిందనుకో, బానెట్ ఎత్తం. ముందు డ్రైవర్ని కూచోబెట్టి చాయ్ ఇచ్చి, కొన్నప్పటి నుంచి దీంతో ఏం చేశావు బాబూ అని అడుగుతాం. సగం రిపేరు వాడి నోట్లోంచే వస్తది. అడిగావా?"

అడగలేదు. ఏడాదిన్నరలో నేను ఏ ఇంట్లోనూ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంజనీర్ కార్డు మెడలో వేసుకున్నవాడు అడిగితే పరువు తక్కువ అనుకునేవాణ్ణి.

లోపలికి వచ్చి బుజ్జమ్మ ఎదురుగా కింద కూర్చున్నాను. పది ముప్పై ఎనిమిది. "మేడమ్, ఈ పెట్టె కొన్నరోజు ఏం జరిగింది? మొదటి నుంచీ చెప్పండి."

"ఏముంటుందండీ, తెచ్చాం, విప్పాం. భాష అడిగింది, ఇంగ్లీషు అన్నాం. దేశం అడిగింది, ఇండియా అన్నాం. తేదీ అడిగింది..." అని ఆగింది. తాతగారి వైపు చూసింది.

"తేదీ అడిగితే?"

"నేను చెప్పాను" అన్నారు తాతగారు నిబ్బరంగా. "మా ఇంట్లో ఏ మిషనొచ్చినా, మొదటిసారి తేదీ అడిగితే అచ్చొచ్చిన తేదీయే చెబుతాం. మాఘమాసం, దశమి, గురువారం. మా ఐసు ఫ్యాక్టరీ మొదలైన రోజు. ఆ రోజు మొదలుపెట్టింది ఏదీ మాకు చెడలేదు."

నేను ముందుకి వంగాను. "ఆ ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారండీ?"

"ఈ మాఘానికి ఏడేళ్లు."

తలెత్తి గోడ మీది ఫొటోలు చూశాను. అప్పట్లో కెమెరా ఫొటోలకి కింద మూలన నారింజరంగు అంకెల్లో తేదీ పడేది. ఒక ఫొటోలో ఇల్లు ఇంకా స్లాబు దశలో ఉంది. పక్కదాంట్లో అదే ఇంటి గృహప్రవేశం. ఇంకోదాంట్లో ఎవరి బాబో బోర్లాపడుతున్నాడు, దాని పక్కన అదే బాబు యూనిఫాం వేసుకుని బడికి బయల్దేరుతున్నాడు. అన్నిటి కింద ఒకటే ఏడు, ఒకటే నెల. బ్యాటరీ అయిపోయినప్పుడల్లా కెమెరా తేదీ అడిగింది, అడిగినప్పుడల్లా వీళ్లు అచ్చొచ్చిన తేదీ చెప్పారు. ఆ గోడ మీద ఒక పిల్లవాడు నెల తిరక్కుండా పుట్టి, పాకి, పరిగెత్తి, బళ్లో చేరిపోయాడు.

"దొరికింది!" అని అరిచాను. వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడు వినపడింది.

అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. ఈ పెట్టె ఆన్‌లైన్ వాళ్ల తలుపు తట్టగానే, అవతలివాళ్లు తామెవరో తెలిసేలా గుర్తింపు కార్డు చూపిస్తారు. ఆ కార్డు నిరుడో మొన్నో ఇచ్చింది. మన పెట్టె లెక్కలో ఇప్పుడు ఇంకా ఏడేళ్ల కిందటి మాఘమాసం దాటి కొన్ని నెలలే. దాంతో ఇది, "నీ కార్డు ఇంకా పుట్టనే లేదు, రాబోయే కాలం కార్డు ఇప్పుడే ఎక్కడిది నీకు, దొంగవి నువ్వు" అని వాళ్ల మొహాన తలుపేస్తోంది. లైను తప్పు కాదు, వైరు తప్పు కాదు, నా తప్పు (ఈ మాట కొంచెం గట్టిగా అన్నాను) అసలే కాదు. తేదీ సరిచేస్తే చాలు.

"అయితే సరిచెయ్యి" అన్నారు ఐసుబాబు గారు.

"వీల్లేదు" అన్నారు తాతగారు.

గది చల్లబడిపోయింది. పది నలభై ఆరు.

"ఒకటి, అచ్చొచ్చిన రోజుని చేతులారా తీసేయమంటున్నారు. రెండోది, రాహుకాలంలో తీసేయమంటున్నారు. మూడోది, తీసేసి దాని స్థానంలో ఏం పెడతారు? ఇవాళ్టి తేదీ. ధనుర్మాసం, శూన్యమాసం, శుక్రవారం రాహుకాలం. దీంతో నా మనవరాలి ఉద్యోగం మొదలవ్వాలా? నాలుగు రోజులు కూడా నిలవదు."

బుజ్జమ్మ "తాతయ్యా" అంది. ఐసుబాబు గారు తండ్రి మాట దాటే మనిషి కాదు, గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నారు. అప్పుడు నాకు, జీవితంలో మొదటిసారి, నా అసలు విద్య ఏమిటో తెలిసింది.

"తాతగారూ, రాహుకాలం ఏ ఊరి సూర్యోదయాన్ని బట్టి లెక్కపెడతారండీ?"

"ఏ ఊళ్లో పని జరిగితే ఆ ఊరిది. ఏం?"

"ఈ పని జరిగేది ఇక్కడ కాదండీ. ఇది ముందుగా తట్టే, పెట్టె కంపెనీ వాళ్ల తలుపు లండన్లో ఉంది. పెట్టె ఇక్కడున్నా, కలవడం అనేది అక్కడ జరుగుతుంది."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "లండన్లో ఇప్పుడెంతయింది?"

బుజ్జమ్మ ఠక్కున అందుకుంది. "మనకంటే ఐదున్నర గంటలు వెనక తాతయ్యా. ఐదుంబావు, తెల్లవారుజాము."

"అక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుంది?"

"ఈ చలికాలంలో ఎనిమిది దాటాకేనండీ" అన్నాను. (టీవీలో క్రికెట్టు చూసిన జ్ఞానం తప్ప నాకు లండన్ సంగతి ఏమీ తెలియదు. అయినా చెప్పింది నిజమే అయింది.)

తాతగారు కాసేపు వేళ్ల మీద లెక్క కట్టారు. పది నలభై తొమ్మిది. పేజీ తిప్పారు. పది యాభై. మళ్లీ వెనక్కి తిప్పారు. నాకు ఆయన వేలు కదలడం తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనపడటం లేదు. పది యాభై మూడు. అప్పుడాయన మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

"పొద్దు పొడవందే వారం మారదు కదా. అయితే అక్కడ ఇంకా శుక్రవారమే రాలేదు. గురువారమే నడుస్తోంది!"

"గురువారమేనండీ!"

"మా ఫ్యాక్టరీదీ గురువారమే" అన్నారాయన, నాకు చెప్పడం లేదు, పంచాంగానికి చెబుతున్నారు. కుర్చీ పక్కకి జరిపారు. "కానీయ్. తొందరగా."

రిమోటు తీసుకున్నాను. ఏడు మార్చాను, నెల మార్చాను, తేదీ, గంట, నిమిషం. కలపమని నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అదే వాక్యం. బుజ్జమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, నా మొదటి విద్య. ఆపి, వేశాను. ఆ పెట్టె నిద్ర లేవడానికి నిమిషంన్నర పట్టేది, ఆ నిమిషంన్నరలో ఐసుబాబు గారు గుమ్మం వదిలి నా వెనక్కి వచ్చి నిలబడ్డారు, ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది. పది యాభై ఎనిమిది. చక్రం తిరిగింది. పది యాభై తొమ్మిది. తెర మీద ఒక్కసారిగా పచ్చటి గుర్తు. కలిసింది.

బుజ్జమ్మ రిమోటు లాక్కుని, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుంది. అవతల ఎవరో పేర్లు పిలుస్తున్నారు. చివరి పేరు ఈ పిల్లదే. "ప్రెజెంట్ సర్" అంది, బళ్లో హాజరు పలికినట్టు.

తర్వాతి అరగంట మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. తుపాకులు, గోడలు, పరుగులు. బుజ్జమ్మ బొమ్మ ఏడుసార్లు చచ్చిపోయింది. చచ్చిన ప్రతిసారీ తాతగారు "అయ్యో" అన్నారు. "ఓడిపోయిందిగా" అన్నారు ఐసుబాబు గారు నీరసంగా. కానీ ఆ పిల్ల ఆడటం మానేసి ఒక గోడ మూల దగ్గర బొమ్మని ముందుకీ వెనక్కీ నడిపిస్తోంది. ఉన్నట్టుండి బొమ్మ గోడలోంచి అవతలికి వెళ్లిపోయింది. "సర్, ఇక్కడ గోడ లేదు సర్, ఉన్నట్టు కనపడుతోందంతే" అంది. అవతల ఎవరో, "ఇంకోసారి చూపించమ్మా" అన్నారు.

సోమవారం ఫోనొచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఐసుబాబు గారు మా ఆఫీసుకి ఒక ఐసుపెట్టె నిండా కొర్రమీనులు పంపించి, నాకు విడిగా ఒక కబురు పంపారు: "కౌంటర్లో సీటు ఖాళీగానే ఉంది, నువ్వొస్తావా?" ఆయన జోకు చేశారో నిజంగానే అడిగారో ఇప్పటికీ తెలియదు. ఆయన మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

ఇదీ జరిగింది.

ఇక్కడ ఆపేద్దామనే అనుకున్నాను. కానీ మొదట్లో అమ్మవారి వైపు తిరిగి ప్రమాణం చేశాను కదా, ఆ కొండ మా కిటికీలోంచి కనపడుతుంది, అదీ ఇబ్బంది. కాబట్టి ఒప్పేసుకుంటాను. లండన్ నేను కల్పించింది. సూర్యోదయం, వేళ్ల మీద లెక్క, 'గురువారమే నడుస్తోంది' అన్న మాట, అన్నీ నావే. తాతగారు అడ్డం పెట్టిన కుర్చీ నిజం. ఫొటోల మీద అంకెలు నిజం. ఆయన "వీల్లేదు" అన్నది మాత్రం నిజం కాదు.

జరిగిందేమిటంటే, తేదీ మార్చాలండీ అని మాత్రం చెప్పగలిగాను. నాకు ఏం చెప్పి ఒప్పించాలో తట్టలేదు. తాతగారు మనవరాలిని ఒకటే అడిగారు. "మారిస్తే నువ్వు లోపలికి పోగలవా?"

"పోగలను తాతయ్యా."

"అయితే మార్చెయ్ అబ్బాయి" అన్నారు నా వైపు తిరిగి. తనే కుర్చీ పక్కకి జరుపుకున్నారు. పంచాంగం మూసి కింద పెట్టారు. నేను అంకెలు మారుస్తున్నంతసేపూ ఆయన టీవీ వైపు కాదు, గోడ వైపు చూస్తున్నారు. అంతా కలిపి నిమిషం పట్టలేదు. పదకొండుకి ఒక నిమిషం ముందు అన్నది కూడా కోతే, పది యాభైకల్లా కలిసింది, మిగతా పది నిమిషాలు అందరం టీ తాగాం. ఆ ఫ్యాక్టరీ మొదలైన రోజు స్విచ్చి నొక్కింది బుజ్జమ్మ వాళ్ల నాయనమ్మట, మరుసటి ఏడాది పోయిందట. నేను వెళ్లిపోతుంటే గేటు దగ్గర బుజ్జమ్మ చెప్పింది.

ఇన్నేళ్లుగా ఈ కథ ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని రైలు ప్రయాణాల్లో చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ లండన్ దగ్గర జనం చప్పట్లు కొడతారు. ఎందుకు కల్పించావంటే, అసలు కథలో నాకు పనే లేదు కాబట్టి. చూడకుండా సంతకం పెట్టింది నేను, ఉపాయం చెప్పింది భాయ్, ఇవ్వాల్సింది ఇచ్చింది తాతగారు. నలభై దాటాక ఇప్పుడు వెనక్కి చూస్తే, మెడలో ఇంజనీర్ కార్డుతో, చేతిలో రిమోటుతో, నోట మాట రాక నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు కనిపిస్తాడు. వాడి మీద కొంచెం నవ్వూ, కొంచెం జాలీ వేస్తాయి. అందుకే వాడికి లండన్ ఇచ్చాను. ఉంచుకోనివ్వండి పాపం.